జుట్టు పోలిగాడిది ఏ ఊరి యాస?

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని కార్యవర్గ మిత్రులు అడిగారు. బడి చరిత్ర రాయడానికి నాకంటే పెద్దవాళ్ళు, అర్హులు ఉన్నారని మొదట తప్పుకోబోయాను. ఇంజనీరుగా నేను రాసినవన్నీ నివేదికలే. అయితే మన బడి ఆవరణలోనే నేను తొలిసారి చూసిన ఒక మనిషి గురించి రాయగలననిపించింది. నిజానికి మనిషి కాదు, తోలుబొమ్మ. పేరు జుట్టు పోలిగాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా, మిరప కల్లాలు ముగిసే రోజుల్లో, మన బడి ఆవరణలో బొమ్మలాట ఆడారు. నాలుగు గుంజలు పాతి, తెల్లటి గుడ్డ తెర కట్టి, వెనక దీపం పెట్టారు. మొదట వినాయకుడు వచ్చాడు, ప్రార్థన అయింది. ఆ తరువాత నల్లగా, బుర్రమీద ఒక్క పిలక నిలబెట్టుకొని, ముక్కుతో మాట్లాడుతూ పోలిగాడు దూకాడు. వెనకే బంగారక్క. వాళ్ళిద్దరూ తిట్టుకున్నారు, కొట్టుకున్నారు, మా ఊరి వీధుల పేర్లు చెప్పి మరీ ఎగతాళి చేశారు. రాముడు మాట్లాడితే మాకు సగమే అర్థమైంది. పోలిగాడు మాత్రం మా పెదనాన్న మాట్లాడినట్టే మాట్లాడాడు. "ఏందే", "ఎట్టా", "వస్తన్నా" అన్నాడు. బడిలో మా నోట వస్తే మాస్టారు దిద్దే మాటలన్నీ వాడు బడి ఆవరణలోనే మైదానం దద్దరిల్లేలా అన్నాడు. మాస్టార్లు కూడా పడీపడీ నవ్వారు.

మధ్యలో నేనూ మరో ఇద్దరం దొంగచాటుగా తెర వెనక్కి వెళ్ళాం. పోలిగాడికి గొంతు ఇచ్చేది సన్నగా, బక్కపలచగా ఉన్న ఒక పెద్దాయన. కాళ్ళకింద చెక్కపలకల్ని తొక్కుతూ, రెండు చేతులతో పుల్లలు ఆడిస్తూ, అచ్చమైన మా ఊరి మాట మాట్లాడుతున్నాడు. బొమ్మ పక్కన పెట్టగానే భార్యవైపు తిరిగి ఏదో అడిగాడు. అందులో ఒక్క ముక్కా మాకు తెలియలేదు. అది మరాఠీ అని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

ఆ రాత్రి ఒక దీపం దగ్గర మూడు భాషలు విన్నానన్నమాట. రాముడిది పుస్తకంలో భాష. పోలిగాడిది ఊరి భాష. వాళ్ళిద్దరినీ ఆడించేవాడిది ఇంటి భాష. ఈ మూడింటిలో ఏది ఎంత మారింది, ఎందుకు మారింది అన్నదే ఈ వ్యాసం.

తోలుబొమ్మలాట తెలుగునాట చాలా పాతది. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి ఉత్సవాలను వర్ణిస్తూ బొమ్మలాటలను కూడా ప్రస్తావించాడు. ఇప్పుడు మనం చూసే బొమ్మలాట కుటుంబాలలో ఎక్కువమంది మరాఠీ మూలం ఉన్నవారు. మనవాళ్ళు మరాఠీని ఆరె భాష అనేవారు కాబట్టి వీరిని ఆరెవాళ్ళు అన్నారు, ఇంకా తేలికగా బొమ్మలాటోళ్ళు అన్నారు. నరసరావుపేట ప్రాంతంలో, నెల్లూరు జిల్లాలో, అనంతపురం వైపు నిమ్మలకుంటలో, గోదావరి జిల్లాలో మాధవపట్నంలో ఈ కుటుంబాలు స్థిరపడ్డాయి. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇదే మూలం ఉన్న కుటుంబాలు కర్ణాటకలోనూ, తమిళనాడులోనూ ఉన్నాయి. కర్ణాటకలో హాస్యగాడి పేరు కిళ్ళేక్యాత. ఆటగాళ్ళకే ఆ పేరు పడిపోయింది. తమిళంలో ఉచ్చికుడుంబన్, ఉళువత్తలైయన్ అనే జంట ఉంది. ఇళ్ళలో మరాఠీ మాట్లాడుకునే మనుషులే తెరమీద ఒకచోట కన్నడ పల్లెమాట, ఒకచోట తమిళ పల్లెమాట, మన దగ్గర మన మాట పలికించారు.

దేవతల మాట అలా చోటుకొకటిగా మారలేదు. దానికి కారణం ఉంది. మన బొమ్మలాటలో రామాయణ కథకు ఆధారం రంగనాథ రామాయణం. గోన బుద్ధారెడ్డి పదమూడో శతాబ్దంలో ద్విపదలో రాసింది. ఆటగాళ్ళలో చదువు లేనివారు కూడా ఆ ద్విపదలను తండ్రినుంచి కొడుకు విని నోటికి నేర్చుకున్నారు. పాదం తప్పితే తాళం తప్పుతుంది, పక్కనున్నవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఛందస్సు మాటకు కంచె కట్టింది.

పోలిగాడికి కంచె లేదు. వాడికి పుస్తకం లేదు. కొడుకు తండ్రి దగ్గర నేర్చుకున్నది వాడి గొంతు పెట్టే పద్ధతి, వాడి తగాదాల వరస, బంగారక్కతోనూ కేతిగాడితోనూ వాడికున్న లంపటం. మాటలు మాత్రం ఆ రాత్రికి ఆ రాత్రే పుట్టాలి. దేవతల బొమ్మలకు జింకతోలు, మామూలు పాత్రలకు మేకతోలు వాడిన కాలంలో కూడా మాట విషయంలో ఎక్కువ స్వేచ్ఛ మేకతోలుకే ఉండేది.

ముందు గొంతు సంగతి చూద్దాం. పోలిగాడు ముక్కుతో, హెచ్చుస్థాయిలో, గబగబా మాట్లాడతాడు. చిన్నప్పుడు అది నవ్వించడానికే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో పనికొచ్చే లెక్క ఒకటి కనిపిస్తుంది. మైకు లేని రోజుల్లో, ఆరుబయట, వెనక మద్దెల మోగుతుండగా, చివరి వరసలో కూర్చున్నవాడికి మాట తెలియాలి. లావు గొంతు మద్దెల మోతలో కలిసిపోతుంది. సన్నటి ముక్కుగొంతు దానిమీదుగా తేలి వినబడుతుంది. పైగా ఒకే మనిషి ఒక్క నిమిషంలో రాముడు, పోలిగాడు ఇద్దరికీ మాట్లాడాలి. రెండు గొంతులూ దగ్గరగా ఉంటే నీడను చూసి మాట ఎవరిదో పోల్చుకోవడం కష్టం.

ఈ ఇబ్బంది ప్రపంచంలో బొమ్మలాడించే వాళ్ళందరికీ వచ్చింది. ఇంగ్లండులో పంచ్ అనే బొమ్మకు గొంతు ఇచ్చేవాడు నోట్లో చిన్న లోహపు పీక పెట్టుకొని కీచుగా మాట్లాడతాడు. రాజస్థాన్ కఠ్‌పుత్లీ వాళ్ళు వెదురుతో చేసిన బోలీ అనే ఈల వాడతారు. మనవాళ్ళు ఏ పరికరమూ పెట్టుకోలేదు, ముక్కుతోనే సరిపెట్టుకున్నారు. ఈల పెట్టుకుంటే గొంతు వింతగా ఉంటుంది గాని యాస వినపడదు. పోలిగాడికి యాసే ముఖ్యం.

ఇక యాస సంగతి. మన ప్రాంతం యాసల కూడలి అని చెప్పడానికి జిల్లాల చరిత్ర చాలు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు జిల్లానుంచి ఒంగోలు, అద్దంకి వైపు, నెల్లూరు జిల్లానుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు, కర్నూలు జిల్లానుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు తెచ్చి కలిపారు. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో మన నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రమైంది. పరిపాలనలో గీతలు ఎటు జరిగినా మాట అలాగే ఉంది. నరసరావుపేటలో "ఎక్కడికి పోతన్నావు" అంటే, కనిగిరి దాటేసరికి "యాడికి పోతన్నావు" అవుతుంది. గిద్దలూరు వైపు వెళితే "వచ్చావా" అన్నది "వచ్చినావా" అవుతుంది. తూర్పున కృష్ణ దాటితే మన "ఏంది" కాస్తా "ఏంటి" అవుతుంది.

ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ తేడాలను శాస్త్రీయంగా పట్టుకున్న పండితుడు. ఆయన సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. అరకకూ నాగలికీ ఏ జిల్లాలో ఏ భాగాన్ని ఏమంటారో రైతులను అడిగి రాయించారు. బొమ్మలాటోళ్ళు అదే పని కాగితం లేకుండా చేశారు. సాయంత్రం ఊళ్ళోకి దిగగానే బావి దగ్గర, టీకొట్టు దగ్గర కూర్చొని ఊరి సంగతులు వినేవారు. ఎవరి పొలానికి ఎవరితో గట్టు తగాదా ఉంది, ఈ ఏడు మిరపకు ఏం తెగులు వచ్చింది, ఊళ్ళో ఎవరిని ఏ ఎగతాళి పేరుతో పిలుస్తారు. రాత్రికి అవన్నీ ఆ ఊరి పలుకుతోనే పోలిగాడి నోట వచ్చేవి.

ఇందులో సరదాతో పాటు పొట్టకూటి సంగతి కూడా ఉంది. వీళ్ళ సంపాదన కల్లాల మీద ఆధారపడింది. పంట చేతికొచ్చాక ఆడితేనే గింజలో డబ్బులో వస్తాయి. రాముణ్ణి చూసి దండం పెట్టినవాడికంటే పోలిగాణ్ణి చూసి నవ్వినవాడు రెండు శేర్లు ఎక్కువే కొలుస్తాడు. పరాయి ఊరి యాసలో హాస్యం చెబితే ఆ నవ్వు రాదు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే మనిషి మన యాసను మనకంటే చక్కగా పట్టుకోవడానికి నాకు కనిపించే కారణం ఇదే. మనకు మన యాస ఉందనే తెలియదు. వాళ్ళు మాత్రం చెవి పెట్టి నేర్చుకోవలసి వచ్చింది.

కాలంతో వచ్చిన మార్పులు మూడు నాలుగు దశల్లో కనిపిస్తాయి. ఆముదం దీపాల కాలంలో ఆట తెల్లవార్లూ సాగేది. 1880లలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు మన ప్రాంతాల్లో ఆడిన తరువాత తెలుగులో పద్యనాటకం ఊపందుకుంది. హార్మోనియం ఊరూరా చేరింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి వంటి నటుల పేరు మారుమోగిన కాలం అది. ఆ గాలి బొమ్మలాటకూ తగిలింది. పెట్రోమాక్స్ వెలుగులో దేవతలు ద్విపదతో పాటు రంగస్థలం మీది రాగాలు తీశారు. తరువాత మైకు వచ్చింది, సినిమా వచ్చింది. నేను చూసిన ఆటలో రాముడి ఆలాపనలో లవకుశ సినిమా వాసన ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అది 1963 నాటి సినిమా. మాట మారని దేవుళ్ళకు పాట మారింది.

పోలిగాడికి జరిగింది దీనికి తలకిందులు. వాడి గొంతు అదే ముక్కుగొంతు. మాటే ఊరికీ ఏడాదికీ మారుతూ వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక పల్నాడులో జొన్న, వరిగ తగ్గి పత్తి, మిరప పెరిగాయి. కొత్త పంటతో కొత్త మాటలు వచ్చాయి. టిక్కీలు, తాలుకాయలు, పురుగుమందులు, మార్కెట్ యార్డు, కమీషను. ఇవి రంగనాథ రామాయణంలో పట్టవు. పట్టే చోటు పోలిగాడి నోరు ఒక్కటే.

ఆ నోటి బలం నాకు తెలిసివచ్చింది 1988 శివరాత్రికి. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతూ ఇంటికి వచ్చాను. అప్పటికి ఆరు నెలలుగా కాలేజీలో నా "ఏంది"ని, "ఎట్టా"ని పట్టుకొని తోటివాళ్ళు ఆట పట్టించారు. నేనూ సంక్రాంతి లోపలే "ఏంటి", "ఎలా"కి మారిపోయాను. ఇంట్లో మా అమ్మతో కూడా అలాగే మాట్లాడితే ఆమె ఏమీ అనలేదు గాని, నాకు అన్నం వడ్డిస్తూ చుట్టానికి చేసినట్టు మర్యాద చేసింది.

ఆ ఏడాది పత్తికి తెల్లదోమ పట్టింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిరైతులు అప్పులపాలై పురుగుమందు తాగి చనిపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోటప్పకొండ తిరునాళ్ళకు మన ఊరి జనం సగంమంది వెళ్ళలేదు. ఊళ్ళోనే జాగరణకు బొమ్మలాట పెట్టించారు. బంగారక్క మొగుణ్ణి నిలదీసింది.

"ఏందయ్యో, మళ్ళీ మందు కొట్టొచ్చావా?"

"కొట్టొచ్చానే. నేను కొడితే నేనొక్కణ్ణే తూలతా. చేనుకు కొట్టా. దోమ తూలలా. ఇల్లు తూలతంది."

జనం నవ్వబోయి ఆగిపోయారు. మద్దెల వాయించేవాడు కూడా దరువు ఆపాడు. మా నాన్న నా పక్కనే కూర్చొని ఉన్నాడు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. మాకెంత అప్పుందో అప్పటిదాకా ఆయన నాకు చెప్పలేదు. ఆట మధ్యలోనే నన్ను లేపి, ఇంటికి నడుస్తూ మొదటిసారి చెప్పాడు. నేను "ఎంత నాన్నా" అని అడిగి, వెంటనే "ఎట్టా తీరుద్దాం" అన్నాను. ఆ "ఎట్టా" నాకు తెలియకుండానే వచ్చింది.

ఆ మాటను రాముడు అనలేడు. ఆయన భాషలో తెల్లదోమ లేదు. రేడియో చెప్పగలదు గాని, విజయవాడ కేంద్రంలో వార్తలు చదివే గొంతు మా నాన్నకు ఎదురుగా కూర్చొని చెప్పిన గొంతు కాదు. ముక్కుతో మాట్లాడే నల్లబొమ్మ మా మాటలో చెప్పబట్టే, ఆయన దాచుకున్నది బయటికి వచ్చింది.

తరువాతి మార్పు అందరూ మంచికే చేసింది. పోలిగాడికి నష్టం ఎక్కువ చేసింది కూడా అదేనని నా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వం 1954లో సాంగ్ అండ్ డ్రామా డివిజన్ ఏర్పాటు చేసి జానపద కళలను ప్రచారానికి వాడుకుంది. కుటుంబ నియంత్రణ, ఆరోగ్యం, అక్షరాస్యత వంటి విషయాలు బొమ్మలాటలోకి వచ్చాయి. అందువల్ల కుటుంబాలకు నాలుగు డబ్బులు వచ్చాయి, కాదనలేం. కానీ ఇలాంటి కార్యక్రమాలకు స్క్రిప్టు కావాలి. స్క్రిప్టు కాగితం మీద ఉంటుంది, కాగితం మీది తెలుగు పత్రికల తెలుగు. తరతరాలుగా పుస్తకం లేని పోలిగాడి చేతికి పుస్తకం ఇచ్చినట్టయింది. నగరాల్లోని ఉత్సవాల్లో ఆట గంటకు, అరగంటకు కుదించారు. ముందు కోతపడేది హాస్యానికే. ఉన్న కాసిని మాటలూ ఏ ఊరివాడికైనా అర్థమయ్యేలా ఉండాలి కాబట్టి ఏ ఊరివీ కాకుండా పోయాయి. కొన్నేళ్ళ క్రితం ఒక నగరంలో ఇలాంటి ప్రదర్శన చూశాను. పోలిగాడు "ఏమిటి బంగారక్కా" అన్నాడు. పిల్లలు బాగానే నవ్వారు. నాకు మాత్రం 1987లో కాలేజీకి వెళ్ళిన నేనే తెరమీద కనిపించాను.

ఇక్కడ బయటి ప్రపంచంలో ఒక ఉదాహరణ చెప్పాలి. అమెరికాలో కెర్మిట్ అనే కప్పబొమ్మ 1955 నుంచి ఉంది. దానికి ప్రాణం పోసిన జిమ్ హెన్సన్ 1990లో చనిపోయాడు. తరువాత స్టీవ్ విట్‌మైర్, 2017 నుంచి మాట్ వోగెల్ గొంతు ఇస్తున్నారు. గొంతు మారినప్పుడల్లా అభిమానులు పాత రికార్డులు పెట్టుకొని పోల్చి తప్పులు పట్టారు. రికార్డు ఉన్నచోట వారసుడు పాత గొంతుకు సరిపోవాలి. పోలిగాడికి రికార్డు లేదు. మా తాతలు విన్న పోలిగాడూ నేను విన్న పోలిగాడూ ఒకలాగే మాట్లాడారా అని సరిచూసే దారి లేదు, ఆ అవసరం ఎవరికీ పడలేదు. ఈ ఊళ్ళో ఈ రాత్రి మనవాడిలా మాట్లాడాడా లేదా అన్నదే పరీక్ష. టర్కీలో కరగోజ్ అనే నీడబొమ్మదీ ఇదే దారి. పండితుడైన హజివాత్ గంభీరంగా మాట్లాడతాడు, కరగోజ్ వీధిభాషలో దాన్ని అపార్థం చేసుకుంటాడు. 2009లో యునెస్కో ఆ కళను తన జాబితాలో చేర్చింది.

మన తోలుబొమ్మలకూ 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది చేతిపనికి వచ్చిన గుర్తింపు. తోలుకు, రంగుకు, చిల్లులు కొట్టే నేర్పుకు రక్షణ దొరికింది. చాలా కుటుంబాలు ఇప్పుడు దీపపు గుమ్మటాలు, గోడబొమ్మలు చేసి బతుకుతున్నాయి. అది మంచిదే. కానీ గోడకు వేలాడే పోలిగాడు మాట్లాడడు.

మాస్టార్లు ఈ వ్యాసం చదువుతారు కాబట్టి ఒక మాట చెప్పుకోవాలి. మా "ఎట్టా"ని దిద్దినందుకు నాకు మీమీద ఫిర్యాదు లేదు. ఆ దిద్దుబాటు లేకపోతే పరీక్షలూ ఉద్యోగాలూ మాకు దక్కేవి కావు. అయితే ఆ రాత్రి మైదానంలో మీరు కూడా మాతోపాటు నవ్వారు. పగలు దిద్దడం, రాత్రి నవ్వడం రెండూ మన బడిలోనే జరిగాయి. నా తరం మొదటిది గుర్తుపెట్టుకొని రెండోది మరిచిపోయింది. మా అబ్బాయికి తెలుగు వచ్చు, ఈ యాస రాదు. వాడికి నేను నేర్పలేదు.

అందుకని సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవాల్లో ఒక రాత్రి మన బడి ఆవరణలో బొమ్మలాట పెట్టిద్దాం. అరగంట కాదు, కనీసం మూడు గంటలు. సన్మానం, శాలువాతో సరిపెట్టకుండా బృందానికి గౌరవంగా సరిపడా పారితోషికం ముందే ఇద్దాం. స్క్రిప్టు మాత్రం ఇవ్వొద్దు. రెండు రోజుల ముందే రప్పించి ఊళ్ళో ఉంచుదాం. టీకొట్టు దగ్గర, మిరప కల్లం దగ్గర కూర్చోనిద్దాం. ఇప్పటికీ "ఏంది", "ఎట్టా" అని మాట్లాడే పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, వాళ్ళతో కబుర్లు చెప్పుకోనిద్దాం. ఆటను రికార్డు చేయడానికి కావలసిన పరికరాలు నేను తెస్తాను. తరువాతి వాళ్ళు దాన్ని అనుకరించాలని కాదు, ఫలానా ఏడాది ఫలానా ఊళ్ళో పోలిగాడు ఇలా మాట్లాడాడని తెలియడానికి. యాభై ఏళ్ళ తరువాత మరొకరు ఇంకో ఆట రికార్డు చేస్తే, ఈసారి సరిచూసుకోవడానికి ఒకటైనా ఉంటుంది.

ఇంతమందిమి ఒకచోట చేరుతున్నాం. ఎవరెవరం ఎక్కడెక్కడ స్థిరపడి ఏ మాట నేర్చామో పోలిగాడు తప్పకుండా పట్టుకుంటాడు, పేర్లు పెట్టి మరీ ఏడిపిస్తాడు. ముందు వరసలో నాకో చాప వేసి ఉంచండి. మా అబ్బాయినీ తీసుకొస్తన్నా.

— 1985 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి